మూడు సన్న గీతలు, ఒక వెడల్పు గీత

మా అత్త కుక్కర్ పిడి మాయమైన రోజున ఇంట్లో చిన్నసైజు యుద్ధం జరిగింది. ఊడదీసింది మా బావ. అంటే మా ఆయనే. మేనత్త కొడుకుని చేసుకున్నాను కాబట్టి పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. "ఏవండీ" అని పిలవమని మా అమ్మ విజయనగరం నుంచి ఫోన్లు చేసి మరీ పోరేది. చిన్నప్పుడు నా చేతుల్లో దెబ్బలు తిన్న మనిషిని ఏవండీ అనడానికి నాకు నోరు తిరగలేదు.

"నా కుక్కరేటైనాదిరా?" అంది అత్త.

"పిడొక్కటే తీసినానమ్మా. ఫోటోతో పోల్చి ఇచ్చేస్తాను."

"ఫోటోలో కుక్కరున్నాదా?"

"తుపాకీ ఉన్నాది."

అత్త నా వైపు చూసింది. నువ్వయినా చెప్పవేమే అన్నట్టు. నేను చెప్పడానికేముంది? నా దువ్వెనా, మావ చెప్పుల అడుగులూ, పక్కింటాయన సైకిలు హ్యాండిలు తొడుగులూ అప్పటికే ఆ ఫోటో పక్కన పడుకుని లేచాయి. ఆ వారంలో మా ఇంట్లో గీతలున్న వస్తువు ఏదీ ఉన్నచోట లేదు.

సంగతేమిటంటే, శ్రీకాకుళంలో మా మావది రెగ్జిన్ దుకాణం. ఆటోలకీ బస్సులకీ సోఫాలకీ కావలసిన రెగ్జిన్ తాన్లు, ఫోము, కొబ్బరిపీచు పరుపులు, బస్సుల్లో కింద పరిచే రబ్బరు మ్యాట్లు, అన్నీ అమ్ముతాం. రెండు వేల పది దాటాక నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికే దుకాణం వెనక గదిని బావ ఆక్రమించేసి ఉన్నాడు. చిన్నప్పుడెప్పుడో ఎవరింట్లోనో వీడియో క్యాసెట్టులో ఒక విదేశీ అంతరిక్షం సినిమా చూశాట్ట. మాట ఒక్కటి అర్థం కాలేదు గానీ అందులో తుపాకీ మాత్రం కళ్ళల్లో ఉండిపోయింది. అప్పట్నుంచీ పాత టార్చిలైట్లూ, స్కూటరు సైలెన్సరు ముక్కలూ, పాడైన మిక్సీ మోటార్లూ కలిపి ఆ లోకం తుపాకులు చేస్తూనే ఉన్నాడు.

మా మావ వాటిని బొమ్మలనేవాడు. అంతకన్నా ఎక్కువ మాట వాడితే వాటికి గౌరవం ఇచ్చినట్టవుతుందని ఆయన భయం. బావ గల్లా దగ్గర కూర్చున్నాడంటే పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నవాడిలా ఉండేవాడు. వెనక గదిలోకి వెళ్ళాడంటే మనిషి వేరు. ఈలలు వేసేవాడు, తనలో తను మాట్లాడుకునేవాడు, నన్ను చూసి నవ్వేవాడు కూడా. నేను చేసుకున్నది ఆ గదిలో ఉన్న మనిషిని. గల్లా దగ్గర మనిషి నాకు పెద్దగా పరిచయం లేడు.

ఆ ఏడు మావ ఆ గది మీద కన్నేశాడు.

"దసరా దాటితే పెళ్ళిళ్ళు. పరుపుల లోడు దిగుతాది. ఎక్కడెట్టుకోను, నా నెత్తి మీదా?" అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర. "దసరాలోగా ఆ బొమ్మలకో బేరం తెచ్చుకుంటే ఉంచుకో. నేదంటే గది కాళీ సేసీ."

బావ అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. మేడ మీద ఖాళీ ఉంది, ఇంటి వెనక రేకుల షెడ్డుంది, పరుపులకి చోటు లేకపోవడమేమిటి? మావకి కావలసింది చోటు కాదు, కొడుకు గల్లా దగ్గర కూర్చోవడం. అది మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకీ తెలుసు.

బేరం దానంతటదే నడిచొచ్చింది. విశాఖలో ఏదో తెలుగు సినిమాకి అంతరిక్ష నౌక సెట్టు వేస్తున్నారట. దాని సీట్లకి వెండిరంగు రెగ్జిన్ కావాలని ఆర్టు డిపార్టుమెంటాయన ఒకడు మా దుకాణానికి వచ్చాడు. మావ తాన్లు విప్పి చూపిస్తూంటే, బావ నెమ్మదిగా ఆయన్ని వెనక గదిలోకి లాక్కుపోయాడు. ఆయన ఆ తుపాకుల్ని తిప్పి తిప్పి చూసి ఫోను తీశాడు. అందులో ఒక ఫోటో. చూడగానే బావ మొహం ఎర్రబడిపోయింది. తన చిన్ననాటి తుపాకీయే అది.

"మా డైరెక్టరు కూడా మీలాగే దీని పిచ్చోడండీ. మా సినిమాలో దీనికి దండం పెట్టినట్టు అచ్చం ఇలాంటిదే ఒక తుపాకీ ఉండాలంటాడు. మిగతాదంతా ఎవరైనా చేస్తారు. గ్రిప్పు దగ్గరే వస్తోంది చిక్కు. ఆ గ్రిప్పు దేంతో చేశారో హైదరాబాదులో ఒక్కరూ పట్టుకోలేకపోయారు. పెయింటేసి తెస్తే మొహాన కొడుతున్నాడు. మీరు పట్టుకుంటే తుపాకులన్నీ మీకే."

ఆ ఫోటో బావ ఫోనుకి పంపి, దసరా అయిన మర్నాడు వచ్చి చూస్తానని చెప్పి, వెండిరంగు తాను భుజాన వేసుకుని ఆయన వెళ్ళిపోయాడు. కుక్కరు పిడి ఊడింది ఆ వారం చివర్లోనే.

బావ పద్ధతి ఇక్కడ చెప్పాలి. పిచ్చే గానీ, పద్ధతి ఉన్న పిచ్చి. "ఆ సినిమావోల్లు ఏదీ కొత్తగా పుట్టించలేదే. డబ్బుల్లేక సెత్తలోంచి ఏరుకున్నారు. కెమెరా ముక్కలు, పైపులు, కార్ల సామాన్లు. మనం తయారుసేస్తే అది అబద్ధం. ఆల్లు ఏరుకున్నదే మనమూ ఏరుకోవాల" అనేవాడు. ఫోటోని లాప్‌టాప్ తెర నిండా పెంచి, భూతద్దం పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. పాత స్విచ్చుల బేకలైటయితే అంచులు మెరుస్తాయట. తోలయితే అసలు మెరవదట. ఇది గీత నెత్తి మీద మాత్రం మెరిసి, పక్కలు చచ్చినట్టు నల్లగా ఉంది కాబట్టి రబ్బరట. గీతలు కూడా ఒకేలా లేవు. మూడు సన్న గీతలు, తర్వాత ఒక వెడల్పు గీత, మళ్ళీ మూడు సన్నవి. మధ్యలో కొంచెం అరిగినట్టుంది.

"నా మొకాన్ని ఇంత పరీక్షగా ఎప్పుడైనా సూసినావేటి బావా?" అని అడిగాను.

"నీ మొకంలో గీతల్నేవు కదే."

"నీతో ఇంకొన్నాల్లు కాపరం సేస్తే వస్తాయిలే."

నవ్వలేదు. తెర మీంచి కళ్ళు తీస్తే కదా.

ఏరుకోవడం కుదరక చివరికి అబద్ధానికే దిగాడు. మెత్తటి నల్ల లప్పం ముద్ద చేసి, దాని మీద అత్త పేల దువ్వెనతో గీతలు లాగాడు. చూడ్డానికి బాగానే ఉంది. నాలుగు పళ్ళకొకటి విరిచి వెడల్పు గీత కూడా తెప్పించాడు. ఆరాక చేత్తో పట్టుకుని, "ఇది దువ్వెనే" అని చెత్తబుట్టలో పడేశాడు. తర్వాత అత్త ఆ దువ్వెన తలలో పెట్టుకుని, పళ్ళు చూసుకుని, కొడుకుని ఏమందో ఇక్కడ రాయలేను. ఆ మాటల్లో కొన్ని నా పుట్టింటి వంశానికీ తగిలాయి, అదీ ఆవిడ పుట్టిల్లే అన్న సంగతి మరిచిపోయి.

దసరా దగ్గరపడుతోంది. బావ ఈలలు మానేశాడు. ఆ గదిలోకి వెళ్ళినా గల్లా దగ్గర మొహమే పెట్టుకుని కూర్చుంటున్నాడు. అది నాకు భరించరానిదైపోయింది.

మావ భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడు దుకాణం నేను చూసుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను లేదు, బేరాల్లేవు. ఊరికే గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. షట్టరు సగం దింపి ఉంది. దాని కిందనుంచి ఎండ ఏటవాలుగా వచ్చి, గుమ్మంలో పరిచిన పాత రబ్బరు మ్యాట్ మీద పడుతోంది. రోజూ తొక్కే మ్యాటే. ఆ ఎండలో దాని గీతలు లేచి కనిపించాయి. మూడు సన్నవి, ఒక వెడల్పుది. మూడు సన్నవి, ఒక వెడల్పుది. మధ్యలో జనం పాదాలు పడి పడి అరిగింది.

"బావా, ఇటు రా" అన్నాను. రాలేదు. "నీ తుపాకీ దొరికినాది" అన్నాను. పరుగెత్తుకొచ్చాడు.

వచ్చి, మ్యాట్ మీద బోర్లా పడుకున్నాడు. నిజంగానే పడుకున్నాడు, చెంప ఆన్చి. ఫోను పక్కన పెట్టుకుని, స్కేలు పెట్టి కొలిచి, లేచి కూర్చుని, నన్ను చూసి ఏడ్చాడు. "బస్సు మెట్టే ఇది. ఆల్ల ఊరి బస్సు మెట్టు మీద పరిసిన ముక్క కోసుకునుంటారు" అన్నాడు. ఎక్కడి ఊరు, ఎక్కడి బస్సు, ఒకే అచ్చులో పోసిన రబ్బరు మా గుమ్మంలో పడుంది. ఇప్పుడొచ్చే మ్యాట్లన్నీ లావు గీతలవి. మా గోడౌనులో ఒక్కటీ ఇలాంటిది లేదు.

అయితే ఆ మ్యాట్ మామూలు మ్యాట్ కాదు. మా మావ వాళ్ళ నాన్న ఈ దుకాణం తెరిచినరోజున పరిచింది. ఇన్ని మ్యాట్లు అమ్మే మావ, చిరుగుపట్టిన ఆ ఒక్కదాన్ని మార్చడానికి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. లక్ష్మీదేవి దాని మీదుగా లోపలికి వచ్చిందట. పొద్దున్నే షట్టరు ఎత్తగానే దాని మీద నీళ్ళు చల్లి, గడపకి దండం పెట్టి గానీ గల్లా ముట్టుకోడు.

"నాన్నని అడుగుదామేటి?" అన్నాడు బావ.

"అడిగితే ఇస్తాడా?"

"ఇవ్వడు."

"మరింకేటి? బ్లేడు తే."

కోసింది నేనే. బావ బ్లేడూ స్కేలూ నా చేతికిచ్చి వీధి వైపు కాపలా నిలబడ్డాడు. గుమ్మం పక్కన, షట్టరు గూడు కింద, ఎవరి చూపూ పడని మూలనుంచి, ఒక పక్క అరిగిన అరచెయ్యంత ముక్క తీశాను. మావ గల్లాపెట్టెనీ ఎదురుకొట్టునీ తప్ప మూడోదాన్ని చూడగా నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళు చల్లేదీ కళ్ళు మూసుకునే, కాబట్టి కిందకి చూడడని ధైర్యం.

మర్నాడు పొద్దున్నే తాళంచెవి చెయ్యి జారి సరిగ్గా ఆ మూలకే పోయి పడింది. మావ వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"ఎలకలేమో" అన్నాను నేను.

"ఎలకలకి స్కేలు పెట్టి కోసే యిద్దె ఎప్పుడొచ్చినాది అమ్మీ?" అన్నాడు మావ. గొంతులో కోపం లేదు, భయం ఉంది. గుమ్మంలోంచి ముక్క కోసుకుపోయారంటే అర్థం ఒక్కటే. చేతబడి. దుకాణం మట్టికి బదులు దుకాణం రబ్బరు. చేయించేదెవరు? ఎదురుకొట్టు పరుపుల షావుకారు తప్ప ఇంకెవరు? పాపం, ఆయనా మావా ఏళ్ళ తరబడి సాయంత్రం టీ కలిసి తాగేవారు.

ఇక్కడ నేనో బావో నోరు విప్పవచ్చు. విప్పితే గది ఆ పూటే పోతుంది. "అంతే అయ్యుంటాది మావా" అన్నాను.

ఆ సాయంత్రం మా దుకాణం ముందు బూడిద గుమ్మడికాయ వేలాడింది, ఎదురుకొట్టు వైపు తిరిగి. అత్త ఎండుమిరపకాయలు దిష్టి తీసి వీధిలో పడేస్తే, వచ్చే పోయే వాళ్ళంతా దగ్గారు. మావ టీకి వెళ్ళలేదు. ఎదుటి షావుకారు వచ్చి "ఏటన్నా, ఒంట్లో బాగునేదా?" అని అడిగితే మొహం తిప్పుకున్నాడు. ఆయనకేం తోచాలి? మా గుమ్మడికాయని చూశాడు, అది తన వైపు చూస్తోంది. మర్నాటికి ఆయన గుమ్మంలో ఇంకా పెద్ద కాయ వేలాడింది. వాళ్ళిద్దరూ కట్టారని పక్క ఫ్యాన్సీ షాపూ, దాని పక్క మందుల షాపూ. దసరాకి మా వీధిలో గుమ్మడికాయ కూరకి కూడా దొరకలేదు.

ఇంత గొడవ నడుస్తూంటే వెనక గదిలో బావ ఈలలు మళ్ళీ మొదలయ్యాయి. ముక్కని రెండుగా చేసి, వేడినీళ్ళలో మెత్తబరిచి, తను కొత్తగా చేసిన తుపాకీ పిడికి అటూ ఇటూ అతికించాడు. అరిగిన చోటు సరిగ్గా బొటనవేలు కిందకి వచ్చేలా తిప్పుకున్నాడు. నా చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళూ ఆ తుపాకులు నాకు కూడా బొమ్మలే. ఇది మాత్రం పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు.

దసరా రోజున దుకాణంలో ఆయుధ పూజ. కత్తెరలు, మీటరు కర్ర, కాటా, కుట్టుమిషను, అన్నీ కడిగి పీట మీద పేర్చింది అత్త. చేతబడి భయంతో ఆ ఏడు భక్తి రెట్టింపయింది. అన్నీ పేర్చాక చుట్టూ చూసి, లోపలికి వెళ్ళి, తుపాకీ పట్టుకొచ్చింది.

"అమ్మా, అదొద్దే" అన్నాడు బావ.

"ఇంట్లో తుపాకీ ఎట్టుకుని కత్తెరలికి పూజ సేస్తారేట్రా? ఇంతకన్నా ఆయుదమేటున్నాది?"

అమ్మవారి పటం ముందు నట్టనడుమ పెట్టింది. గంధం పూసింది. పసుపు పూసింది. పిడి మీద కుంకుమ బొట్లు పెట్టింది, గీతగీతకీ కూరుకుపోయేలా నొక్కి. అష్టోత్తరం మొత్తం చదివింది. మావ హారతిచ్చి, ఆ తుపాకీని రెండు చేతులతో ఎత్తి, పిడిని కళ్ళకద్దుకున్నాడు. ఒక కన్ను, ఇంకో కన్ను. "మా గుమ్మం కోసినోడి సెయ్యి పడిపోవాల తల్లీ" అని పైకే మొక్కుకున్నాడు.

కోసిన చెయ్యి అక్కడే జోడించి నిలబడి ఉంది. మావ కళ్ళకద్దుకుంటున్నది ఊరు ఊరంతా కాళ్ళు తుడుచుకున్న మ్యాట్ అని తెలిసి, నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకున్నాను. అత్త అది భక్తి అనుకుని నా తల నిమిరింది. బావ వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. కళ్ళు పిడి మీద ఉన్నాయి. తడి గంధం, పసుపు, కుంకుమ గీతల్లో ఆరి బిగుసుకుపోతున్నాయి.

సాయంత్రం పళ్ళ బ్రష్షుతో తోమాడు. పైపైన పోయింది గానీ గీతల లోపల ఎర్రగా, పచ్చగా అలాగే ఉంది. గట్టిగా తోమితే రబ్బరు పొడి రాలుతోంది. "అయిపోయినాదే" అన్నాడు. తన సామాన్లు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాడు. నేను సాయం చెయ్యనని కోపంగా బయటికొచ్చేశాను. ఆ పెట్టెల్ని చూస్తే నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు ఆర్టు డిపార్టుమెంటాయన చెప్పిన టైముకే వచ్చాడు. మావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వాళ్ళ మాటలు వినపడేంత దూరంలో. అత్త ప్రసాదం పంచుతోంది. బావ తుపాకీని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆయన గుడ్డ విప్పాడు. ఫోను తీసి ఫోటో పెంచాడు. గీతల మీద గోరు పెట్టి లాగాడు. మూడు, ఒకటి. మూడు, ఒకటి. బొటనవేలు అరిగిన చోట ఆనించి తుపాకీ ఎత్తాడు. చాలాసేపు దించలేదు.

"ఇదేనండీ" అన్నాడు చివరికి. "పెయింటు కాదు, పోత కాదు. అదే సరుకు. ఎలా పట్టుకున్నారండీ?" తర్వాత గీతల్లోకి తొంగి చూశాడు. "ఈ పాతదనం ఎలా తెచ్చారు? మేం బూడిదా గ్రీజూ పూసినా ఇలా రాదు. ఏళ్ళ తరబడి వాడినట్టుంది."

"పసుపూ కుంకం బాబూ. నేనే ఎట్టినాను" అంది అత్త గర్వంగా.

"అన్నిటికీ అలాగే పెట్టండమ్మా. సినిమాలో దళం మొత్తానికి కావాలి." బావ వైపు తిరిగాడు. "ఈ మెటీరియల్ ఇంకా ఉందా?"

బావ నేల మీదకి చూశాడు. ఉందంటే ఎక్కడుందో చెప్పాలి, లేదంటే గది పోతుంది. నేనింక ఆగలేకపోయాను.

"ఉన్నాదండీ. మా మావ కాళ్ళ కింద ఉన్నాది" అన్నాను.

అందరూ మావ కాళ్ళ వైపు చూశారు. మావ కూడా చూసుకున్నాడు. మ్యాట్ చూశాడు, మూల కోసిన చోటు చూశాడు, తుపాకీ పిడి చూశాడు, కొడుకుని చూశాడు, చివరికి నా చేతిని చూశాడు.

ముందు అత్తకి వెలిగింది.

"అంటే, అందరూ కాల్లు తుడుసుకున్నదానికా నేను అష్టోత్తరం సదివినాను? ఓలమ్మ, ఎంత అపచారం! కల్లకద్దుకున్నాడే మీ మావ!"

మావ నెమ్మదిగా మ్యాట్ మీంచి పక్కకి దిగాడు. సిమెంటు మీద నిలబడ్డాడు.

"సదివితే సదివినావులే" అన్నాడు. "మా నాన్న పాదాలు పడ్డ సరుకది. కల్లకద్దుకుంటే తప్పేటి?"

గొంతు సవరించుకున్నాడు. బేరం వచ్చినప్పుడు సవరించుకునే గొంతు అది.

"పాత సరుకు బాబూ. ఈ అచ్చు ఇప్పుడు దేశంలో ఎవులకాడా దొరకదు. ఈ మ్యాట్ మీకు సరిపోద్ది. మావోడు ఎనక గదిలో కూకుని కోసి ఇస్తాడు. ఆ గది ఆడిదే" అన్నాడు.

తర్వాత ఆయనే వంగి, నీళ్ళు చల్లి చల్లి నేలకి అతుక్కుపోయిన ఆ మ్యాట్‌ని రెండు చేతులతో లేపి చుట్టాడు. బావ సాయం రాబోతే వద్దన్నాడు. భుజానికెత్తుకుని వెనక గదిలోకి నడిచాడు. గదినిండా సర్దిన అట్టపెట్టెల మధ్య దాన్ని దింపి, పరిచి, చెయ్యి దులుపుకున్నాడు.

"దేంతో కోస్తావురా? కత్తెరా, బ్లేడా?" అని అడిగాడు.

ఆ గదిలో జరిగే పని గురించి మావ కొడుకుని అడిగిన మొదటి మాట అది. బావ బ్లేడు కోసం ఆ పెట్టెలన్నీ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.